మొన లేని కటారు

నమోదు 61

తూర్పు గేటు. రాస్తున్నది భారతి.

గేటు లాగ్‌లో జరిగింది మాత్రమే రాయాలి, మనసుకు అనిపించింది రాయకూడదని నియమం. దీన్ని నేను తప్ప ఇంకెవరూ తెరవరు కాబట్టి రెండూ రాసుకుంటాను.

ఇవాళ జమ్మిలోకి వెళ్ళినవి: ఖడ్గం ఆకారంలో ఉన్న జడపిన్ను. మూత తిప్పితే చిన్న బ్లేడు బయటికొచ్చే లిప్‌స్టిక్. గారడీ ఆయన మడతకత్తి, పొడిస్తే లోపలికి పోతుంది. కేకుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ చాకు, దానితో కేకు కూడా సరిగ్గా తెగదు. అందరూ ఒకే మాట అన్నారు, ఇది ఉత్త బొమ్మ మేడం అని.

"బొమ్మ అని నీకెర్క. నీ పక్కన నడిచేటోళ్ళకు ఎర్కనా? దానికి ఎర్కనా?" అని పైన తిరుగుతున్న కన్ను చూపించాను. మా ఊళ్ళో దాన్ని మిడిగుడ్లది అంటారు. ప్రతి వీధిలోనూ ఒకటి ఉంటుంది. అంచు ఉన్నది, మొన ఉన్నది ఏది కనిపించినా వీధికీ వీధికీ మధ్య తలుపులు దించేస్తుంది. అసలా నకిలీయా అని ఆలోచిస్తూ కూర్చునే తీరిక దానికి లేదు.

లిప్‌స్టిక్ పిల్ల భూమి నుంచి కొత్తగా వచ్చింది. మూతి ముడుచుకుంది. "మా దగ్గర గివి బజార్ల అమ్ముతరు మేడం."

"మీ దగ్గర కప్పుకు చిల్లు పడితే వాన కురుస్తది. ఈడ చిల్లు పడితే ఏమైతదో ఎర్కేనా?"

ఆ పిల్ల తలెత్తి పైన ఉబ్బి ఉన్న పొరను చూసింది, పొరలోంచి కనిపిస్తున్న ఎర్రటి ఆకాశాన్ని చూసింది, చప్పుడు చేయకుండా లిప్‌స్టిక్ నా చేతిలో పెట్టింది.

జమ్మి అంటే గేటు పక్కన ఉన్న ఇనుప అర. ఆయుధాలన్నీ ఊరి బయట చెట్టు మీద దాచి ఊళ్ళోకి వెళ్ళిన పాత కథ తలుచుకుని ఎవరో పెద్దలు ఆ పేరు పెట్టారు. మా ఊరికి ఎర్రగడ్డ అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. పిచ్చాసుపత్రి ఉన్న పేట పేరు పెట్టి ఎందుకు పడీపడీ నవ్వుకున్నారో ఇక్కడ పుట్టిన మా పిల్లలకి ఎంత చెప్పినా అర్థం కాదు.

సాయంత్రం డ్యూటీ దిగుతుండగా రాజవ్వ వచ్చింది. నా కూతురు రవళిని చేసుకోబోతున్న సంపత్‌కి నాయనమ్మ. వియ్యాలవారు గేటు దగ్గరికి వస్తే టీ ఇవ్వాలా, తనిఖీ చేయాలా అని ఒక్క క్షణం తేలలేదు. రెండూ చేశాను.

"జమ్మిల నా కటారు ఉంటది బిడ్డా. జెర తీసియ్యి. పిలగాని లగ్గమాయె."

వాళ్ళింటి ఆచారం నాకు తెలియనిది కాదు. పెళ్ళికొడుకును చేసినప్పటి నుంచి తాళి కట్టేదాకా వరుడి చేతిలో కటారు ఉండాలి, దాని మొనకి నిమ్మకాయ గుచ్చి ఉండాలి. ఉత్త చేతులతో గడప దాటితే గాలి సోకుతుందని వాళ్ళ భయం.

"అవ్వా, కటారు బయటికియ్యరాదు. చట్టం ఉన్నది."

"నీ బిడ్డ లగ్గమే గదనే!"

"నా బిడ్డదైతే చట్టం పండుకుంటదా?"

రాజవ్వ టీ గ్లాసు కింద పెట్టింది. సగం కూడా తాగలేదు. "ఇనుము లేంది నా మనుమడు గడప దాటడు. రాసుకో నీ లాగుల" అని వెళ్ళిపోయింది. రాసుకున్నాను.

నమోదు 62

ముందు ఒక మంచి మాట. ముహూర్తం కుదిరింది. భూమి మీది పంతులుగారు తెర మీద కనిపించి, పిల్లకి కుజదోషం ఉందమ్మా అని గంభీరంగా అన్నారు. మేము నిలబడిందే కుజుడి మీద స్వామీ, ఇక్కడ పుట్టిన అందరికీ అదే దోషం అన్నాను. ఆయన చాలాసేపు లెక్కలు చూసుకుని, అయితే ఇద్దరికీ చెల్లు అన్నారు.

మిగిలినదంతా చెడ్డ మాటే.

కొత్తిమీర కోసం బజారు వీధికి వెళ్ళాను. డ్యూటీలో లేను, సంచి పట్టుకుని మామూలు మనిషిలా బేరం చేస్తున్నాను. ఉన్నట్టుండి మిడిగుడ్లది అరిచింది. వీధికి రెండు వైపులా తలుపులు ధబీమని దిగాయి. బజారంతా ఒక్కసారిగా నేల మీద పడుకుంది. ఈ ఊళ్ళో నడక నేర్చిన ప్రతివాళ్ళకీ నేర్పేది అదే, తలుపు దిగితే పరిగెత్తకు, పడుకో, ఊపిరి పొదుపు చెయ్యి.

పడుకున్న జనం మధ్యలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. నా కాబోయే అల్లుడు. చేతిలో తళతళలాడే కటారు, దాని కొనకి పచ్చటి నిమ్మకాయ.

"అత్తమ్మా, ఇది రబ్బరుది" అన్నాడు. రబ్బరు అచ్చులు పోసే షాపులో పనిచేసే దోస్తులు పెళ్ళి కానుకగా చేసి ఇచ్చారట. పైన వెండి రంగు పూశారు. వంచితే వంకీలా వంగుతుంది. నాయనమ్మ చూస్తే సంతోషపడుతుందని సంచిలో వేసుకోవడం కూడా మరిచి చేత్తోనే పట్టుకుని బయలుదేరాడు. సంపత్ మంచివాడు. పొరకి చిల్లులు పడితే అతికే పని చేస్తాడు, ఆ పనిలో వాడికి వంక పెట్టేవాళ్ళు లేరు. కానీ మంచివాళ్ళు చేసే పిచ్చి పనులకి మందు లేదు.

నాకు కోపం ఆగలేదు. అరవబోయాను. అప్పుడు వాడి కాళ్ళ దగ్గర పడుకున్న దర్జీ పోచయ్యను చూశాను. రెండు చేతులతో తల కప్పుకుని, మోకాళ్ళు ముడుచుకుని వణికిపోతున్నాడు. పోచయ్య, ఏం కాలేదు, లే అంటే కూడా ఆయనకి వినిపించడం లేదు.

చాలా ఏళ్ళ కిందట, నేను ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఇదే వీధిలో బతుకమ్మ ఆడుతుండగా నాటకాలవాళ్ళ కుర్రాడు ఒకడు అట్టకత్తి తిప్పాడు. వెండి కాగితం అంటించిన అట్ట. తలుపులు దిగాయి. అప్పటికి మాకు పడుకోవడం తెలియదు. గాలి పోతోందని ఎవరో కేక వేశారు, అంతే, జనం ఒకరిని ఒకరు తొక్కుకుంటూ తలుపుల మీద పడ్డారు. పొర మీద గీత కూడా పడలేదు. పోచయ్య భార్య లక్ష్మీనరసమ్మ మాత్రం ఆ తొక్కిసలాటలో పోయింది. చట్టంలో "బొమ్మ అయినా సరే" అన్న మూడు మాటలు చేరింది ఆ తర్వాతే. అందుకే ఆ మూడు మాటల జోలికి ఎవరు వచ్చినా నేను ఊరుకోను.

సంపత్‌కి కూడా అర్థమైంది. కటారును రెండు ముక్కలుగా చింపి నాకిచ్చాడు. పోచయ్యను ఎత్తుకుని దుకాణం దాకా తీసుకెళ్ళి నీళ్ళు తాగించాడు. తలుపులు లేచేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

ఊరి కమిటీ వెంటనే పెళ్ళి ఊరేగింపు అనుమతి రద్దు చేసింది. విచారణకు రమ్మంది. ఫిర్యాదు రాసి పంపాల్సిన అధికారి నేనే. రాసి పంపాను.

నమోదు 64

63 కోపంలో రాశాను. చదువుకున్నాక సిగ్గేసి చెరిపేశాను. వియ్యపురాలిని అన్ని మాటలు అనకూడదు, మనసులో అయినా.

రవళి రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. "ఊరేగింపు వద్దు, ఏమొద్దు. ఆఫీసుల సంతకాలు పెట్టుకుంటం" అంటుంది. దానికి సంపత్ ఒప్పుకోడు. తండ్రి పోయాక, తల్లి ఇంకో పెళ్ళి చేసుకుని పడమటి ఊరికి వెళ్ళిపోయాక, వాడిని పెంచింది రాజవ్వ ఒక్కతే. అవ్వ కంట నీరు పెట్టించి పెళ్ళి చేసుకోలేను, చట్టం తప్పి మిమ్మల్ని తల దించుకునేలా చేయలేను అన్నాడు నాతో. నా కూతురు పెళ్ళి ఈ ముసలామె మొండితనం మీద ఆగిపోయేలా ఉంది. ఇలా అయితే కాదని నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

రాజవ్వ నేల మీద బట్ట పరుచుకుని సకినాలు చుడుతోంది. పెళ్ళి ఉంటుందో ఉండదో తెలియకుండానే బట్ట నిండా చుట్టేసింది. కూర్చోమనలేదు. నేనే కూర్చుని పిండి చేతిలోకి తీసుకున్నాను.

"అవ్వా, లగ్గం ఇంట్లనే చేద్దాం. గడప దాటే పనే ఉండది. కటారు అక్కర పడది."

"దొంగ లగ్గమా?"

"దొంగ లగ్గం ఎందుకైతది? నలుగురం ఉంటం."

"పిలగాడు వీధి ఎంబడి నడవాలె. ఊరు చూడాలె. చేతిల ఇనుముండాలె. లేకుంటే గాలి సోకుతది."

నవ్వు ఆపుకోలేకపోయాను. "ఈ ఊళ్ళె గాలి సోకుతదని భయపడేది నువ్వొక్కదానివే అవ్వా. మేమంత గాలి పోతదని భయపడి సస్తున్నం."

రాజవ్వ చెయ్యి ఆగింది. సగం చుట్టిన సకినం తెగి బట్ట మీద పడింది.

"నా ఓదెలు గట్లనే పోయిండు గదా బిడ్డా" అంది. "గాలి పోయి పోయిండు."

ఓదెలు సంపత్ తండ్రి. పొర చిరిగి చనిపోయాడని అందరికీ తెలుసు. అంతకంటే నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ ఆమె చెప్పింది, సకినాల పిండి వేళ్ళకి ఎండిపోతుంటే చెప్పింది.

ఓదెలు పెళ్ళికి కటారు అడిగితే గేటులో ఇవ్వలేదు. అప్పుడే కొత్త చట్టం. ఉత్త చేతులతో నడిచాడు. ఆ మరుసటి ఏడు నీళ్ళ వీధిలో పొర చిరిగింది. ఓదెలు అతుకులు వేసేవాడు, ఆ పక్కనే ఉన్నాడు. కానీ అతుకు అదిమే ఇనుప పనిముట్టు, అట్లకాడ, చేతిలో లేదు. కొత్త చట్టం భయంలో అంచున్న ఇనుప పనిముట్లన్నీ గేటులో పెట్టి తాళం వేయించారు. గేటుకి వెళ్ళి తెచ్చే వ్యవధి లేక, వీధిలో వాళ్ళందరినీ అవతలికి నెట్టి, తలుపు లోపలి నుంచి దించేశాడు.

"చేతిల ఇనుముంటే బతికేటోడు నా కొడుకు" అంది రాజవ్వ. "మీరు గాలి సోకుడు అంటే దయ్యం అనుకుంటరు. నాకెర్క లేదా దయ్యం లేదని? నా కొడుకు చేతులు కండ్ల ముందట ఆడుతయే. ఉత్త చేతులు."

ఆమె మూఢనమ్మకాన్ని ఎదిరించడానికి బయలుదేరాను, తీరా చూస్తే ఆమె నాకంటే సరైన మాటే చెబుతోంది. ఓడిపోయి వచ్చి ఏడ్చాను. నిజం చెప్పాలంటే వాళ్ళింట్లోనే ఏడ్చాను. ఆమె నా నోట్లో ఒక పచ్చి సకినం కుక్కి, వేయించినంక మంచిగుంటది, ఆగు అంది.

నమోదు 65

ఇవాళ జమ్మిలోకి: తోక నొక్కితే ముల్లు బయటికొచ్చే తేలు ఉంగరం.

ఇంటికి వెళ్తూ ప్రతి స్తంభం దగ్గరా ఆగాను. ప్రతి వీధిలో నాలుగడుగులకో స్తంభం, ప్రతి స్తంభానికి ఒక అట్లకాడ. ఇనుప రేకు, అంచులు మొద్దుగా గుండ్రంగా ఉంటాయి, పిడిలో మీట నొక్కితే కాలుతుంది. చిల్లు మీద అతుకు పెట్టి దీనితో అదిమితే పొర అంటుకుంటుంది. అచ్చం అట్లు తిరగేసే దానిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అవి తాళాల్లోంచి బయటికి వచ్చి, అంచులు గుండ్రంగా మారి, స్తంభాలకి ఎక్కింది ఓదెలు చనిపోయాకే. చట్టాన్ని అప్పుడు సవరించారు. రోజూ వాటి కింద నుంచే నడుస్తాను. ఎవరి వల్ల అక్కడ వేలాడుతున్నాయో ఒక్కరోజు కూడా తలుచుకోలేదు.

నమోదు 66

విచారణ జరిగింది. కమిటీ పెద్ద సదయ్య, ఆయన పక్కన కొత్త సభ్యురాలు హర్షిత. ఆమె చిన్న వయసుది, చట్టం కంఠతా వచ్చు, ఎదుటివాళ్ళు వాక్యం పూర్తి చేసేదాకా ఆగదు.

సంపత్ తప్పు ఒప్పుకున్నాడు. రాజవ్వ ఏం కావాలని అడిగితే, నా కటారు అంది. గేటు అధికారిగా నా అభిప్రాయం అడిగారు. రవళి వెనక వరసలో కూర్చుని నా వీపుకేసి చూస్తోందని తెలుసు.

"కటారు ఇయ్యొద్దు" అన్నాను. "రబ్బరుదీ వద్దు, అట్టదీ వద్దు. మొన్న బజార్ల పోచయ్య తాత ఎట్ల వణికిండో నేను చూసిన. చట్టం మంచిదే."

రాజవ్వ నన్ను తిరిగి చూడలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కానీ ఒక్క మాట సదయ్యన్నా. రాజవ్వ అడిగేది కత్తి కాదు, ఇనుము. అవ్వా, కటారు ఏం చేస్తదంటవ్?"

"గాలి సోకనియ్యది."

"మన ఊళ్ళె గాలి పోనియ్యంది ఏంది?"

సదయ్య తల మెల్లగా పక్కకి తిరిగింది. ఆ గదిలోనూ ఒక స్తంభం ఉంది.

"అట్లకాడ చిల్లు పడినప్పుడే తీయాలని ఉంది" అని హర్షిత అందుకుంది. "పెళ్ళికి అట్లకాడ అంటే రేపు ఇంకొకరు గొడ్డలి అంటారు, ఎల్లుండి ఇంకొకరు గండ్రకత్తెర అంటారు. ఎక్కడ ఆపుతాం?"

మంచి ప్రశ్నే. జవాబిచ్చింది పోచయ్య. ఆయనను సాక్షిగా పిలిచారు. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"అమ్మా, కత్తిని చూస్తే నా పానం పోతది. అసలుదా నకిలీదా అని నా పానం అడగది" అన్నాడు. "అట్లకాడ చూస్తే నాకు నిద్ర పడతది. మా దుకాణం ముంగట ఒకటి ఉన్నది. రోజు దాన్ని చూసినంకనే పండుకుంట."

హర్షిత కలం కింద పెట్టింది. మొదటిసారిగా ఎదుటి మనిషి వాక్యం పూర్తయ్యాక కూడా కాసేపు ఆగింది. చట్టం ఇంతవరకు వస్తువు ఎలా ఉందని మాత్రమే అడుగుతోంది, చూసేవాళ్ళకి ఎలా ఉంటుందని కూడా అడగాలేమో అంది. అని, అది రాసుకుంది.

సదయ్య లేచి స్తంభం మీది అట్లకాడ తీసి రాజవ్వ చేతికిచ్చాడు. ఆమె బరువు చూసింది. అంచు మీద బొటనవేలు నడిపింది.

"మొద్దుగున్నది" అంది. తర్వాత, "నిమ్మకాయ ఏడ గుచ్చాలె?" అంది.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. రవళే అనుకుంటాను. రాజవ్వ నవ్వలేదు. అట్లకాడను ఒళ్ళో పెట్టుకుంది. "మొనకు కండ్లుంటయట. ఆ కండ్లు మూయాలెనని నిమ్మకాయ. మా అత్త చెప్పింది" అంది, ఎవరికీ కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు. "ఇగ దీనికి మొననే లేదాయె. ఎవ్వల దిక్కూ చూడది ఇది."

సదయ్య ఆశగా ముందుకి వంగాడు. "అయితే ఒప్పుకున్నట్టేనా పెద్దమ్మా?"

"ఒప్పుకోలే. ఇది ఊరి ఇనుము. నా ఇంటి ఇనుము కావాలె." అప్పుడామె నా వైపు తిరిగింది. "నా కటారును కరిగించుండ్రి. దాన్ని అట్లకాడ చేయుండ్రి."

నమోదు 67

కమిటీ దీనికీ, ఊరేగింపుకీ అనుమతి రాసిచ్చింది. కటారును జమ్మిలోంచి తీశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో లోపలికి వేయడమే కానీ బయటికి తీయడం ఇదే మొదలు. అడుగున ఉంది. నూనె గుడ్డలో చుట్టి, దారంతో కట్టి ఉంది. ఆ ముడి రాజవ్వ వేసిందే, నేను విప్పలేదు. గుడ్డతో సహా పెట్టెలో పెట్టి, మిడిగుడ్లది చూడకుండా మూత వేసి, పనివాళ్ళ వీధిలో మౌళి కొలిమికి తీసుకెళ్ళాను. మౌళి మా ఊరి కమ్మరి.

రాజవ్వ ముడి తనే విప్పింది. ఎంత అందంగా ఉందో. పిడి మీద చిలకలు, అలుగు మీద సన్నటి గీతలు. ఇంత అందమైనదాన్ని నిలువునా చెరపడమా అని నాకే ప్రాణం ఒప్పలేదు. గేటు మనిషిని, నేనే ఆ మాట అన్నాను. "అవ్వా, ఇంకోసారి ఆలోచించు. జమ్మిలనే ఉండనిద్దాం. నేను పైలంగ చూసుకుంట."

"ఎన్నేండ్లు పండవెడతవే దాన్ని?" అంది రాజవ్వ. "లేపు. పని జేయనియ్యి."

కటారును ఒకసారి చెంపకి ఆనించుకుని మౌళికి ఇచ్చింది. చిలకల పిడి విడదీసి రవళికి ఇమ్మంది. అలుగు ఎర్రబడి, పసుపురంగుకి తిరిగి, సాగి, రేకుగా మారేదాకా కళ్ళార్పకుండా చూసింది. ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను. నా సంగతి మామూలే అన్నట్టు మౌళి ఒక గుడ్డ విసిరాడు.

రేకు చల్లారి, మౌళి మీట ఉన్న పిడి బిగించాక అరచేతికి అదిమి చూశాను, గీసి చూశాను, కొస మీద బొటనవేలు పెట్టి బలంకొద్దీ నొక్కాను. ఎక్కడా తెగలేదు. మిడిగుడ్లదాని ముందు పెట్టాం. అది ఒకసారి చూసి, తల తిప్పుకుని తన పని తాను చేసుకుంది. అంత ఆనందంగా దాని నిర్లక్ష్యాన్ని నేనెప్పుడూ చూడలేదు.

నమోదు 69

పెళ్ళి అయింది. చేతులకి ఇంకా పసుపు ఉంది, లాగ్ తెర మీద మరకలు పడుతున్నాయి. పడనీ.

ఊరేగింపు తూర్పు గేటు నుంచి బయలుదేరింది. సంపత్ ముందు, కుడిచేతిలో అట్లకాడ నిటారుగా పట్టుకుని. నిమ్మకాయ లేకపోతే కుదరదని చివరికి రాజవ్వే రేకు మొదట్లో ఎర్ర దారంతో కట్టింది. మొన లేదు, కండ్లు లేవు, ఇంకెందుకవ్వా అంటే, అందం ఉండొద్దా అంది.

బజారు వీధికి వచ్చేసరికి నా చూపంతా పైనే ఉంది. మిడిగుడ్లది తిరిగింది, చూసింది, ముందుకి పోయింది. డప్పులు మోగాయి. జనం నేల మీద పడుకోలేదు. గుమ్మాల్లో నిలబడి నవ్వుతూ చూశారు. పోచయ్య దుకాణం దిగి వచ్చి, పెళ్ళికొడుకును ఆపి, అట్లకాడను రెండు వేళ్ళతో ముట్టి కళ్ళకద్దుకున్నాడు. సంపత్ వంగి ఆయన కాళ్ళకి మొక్కాడు.

నా కూతురు ఎంత బాగుందో రాయాలని ఉంది, కానీ కన్నతల్లి సాక్ష్యం చెల్లదు. బాగుంది. చిలకల పిడిని జడకి కట్టుకుంది. దానికి అలుగు లేదు కాబట్టి చట్టానికి అభ్యంతరం లేదు, నేను రెండుసార్లు చూశాను.

ఊరేగింపు నీళ్ళ వీధి మలుపులో ఆగింది. ముందుగా ఎవరూ చెప్పుకోలేదు. సంపత్ తనంతట తనే ఆగాడు. ఆ వీధిలో ఒక స్తంభం దగ్గర పొర మీద పెద్ద పాత అతుకు ఉంది. రాజవ్వ అక్కడిదాకా నడిచి, ఆ అతుకు మీద అరచెయ్యి పెట్టింది. డప్పులవాళ్ళు కూడా ఆగారు. తర్వాత ఆమె వెనక్కి తిరిగి, "ఏందిరా గట్ల నిలవడ్డరు, ముహూర్తం దాటిపోతది" అని కసురుకుంది.

నమోదు 74

పై ఆఫీసు నుంచి సవరణ వచ్చింది. హర్షిత రాసింది. బజార్లో బొమ్మ కత్తుల మీద నిషేధం అలాగే ఉంది, ఒక్క అక్షరం తగ్గలేదు. కింద ఒక వాక్యం కలిపారు: ఊపిరి నిలిపే పనిముట్టును వేడుకలో చేత పట్టవచ్చు. ఆ వాక్యాన్ని గేటు మీద రాయించాను, కొంచెం పెద్ద అక్షరాలతో.

పెళ్ళి అయ్యాక కొత్త అట్లకాడను ఇంట్లో దాచుకుంటుందేమో అనుకున్నాను. రాజవ్వ దాన్ని నీళ్ళ వీధిలో ఆ అతుకు పక్క స్తంభానికి వేలాడదీయించింది. ఊరి ఇనుముతో పాటు అదీ ఊరిదే ఇప్పుడు. వచ్చే నెల పెళ్ళి ఉందని అప్పుడే ఒక కుటుంబం వచ్చి దాన్ని అడిగిపోయింది. వాళ్ళవి పూర్తిగా వేరే ఆచారాలు, పెళ్ళికొడుకు చేతిలో ఏమీ పట్టుకోరు. ఎందుకమ్మా అంటే, మంచిగనిపిచ్చింది అక్కా అన్నారు.

ఇవాళ జరిగింది ఇదీ. మధ్యాహ్నం నీళ్ళ వీధిలో సన్నటి ఈల వినిపించింది. ఆ ఈల ఏమిటో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. నేను గేటు వదిలి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే సంపత్ అక్కడ ఉన్నాడు. పాత అతుకు మూల లేచింది. చేయి చాచి స్తంభం మీది అట్లకాడ లాగాడు, మీట నొక్కాడు, అతుకు పెట్టి అదిమాడు. ఈల ఆగిపోయింది. చేయి చాపినంత దూరంలో ఇనుము ఉంది కాబట్టి పట్టుమని ఒక పాట పాడేంత సేపు కూడా పట్టలేదు. తలుపులు దించే అవసరమే రాలేదు.

ఆ కంగారులో పెళ్ళినాటి నిమ్మకాయను ఎవరూ విప్పలేదని తెలియలేదు. ఎండి, ముడుచుకుని, ఎర్ర దారంతో అలాగే ఉంది. ఇనుము వేడికి దాని వాసన లేచింది. ఎర్రటి దుమ్ము, రబ్బరు, చెమట తప్ప ఇంకో వాసన ఎరగని ఆ వీధి అంతా నిమ్మకాయ వాసన నిండింది. పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ వచ్చారు.

రాజవ్వ కూడా వచ్చింది, రొప్పుతూ. మనవడి ముఖం చూసింది. తర్వాత అతని చేతులు పట్టుకుని తిప్పి చూసింది, ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి. ఏమైందవ్వా, కాలలేదు, మంచిగనే ఉన్న అంటున్నాడు వాడు. ఆమె వినడం లేదు. అట్లకాడ ఇంకా వాడి చేతిలోనే ఉంది. ఆ చేతిని అట్లకాడతో సహా తన గుండెకి ఆనించుకుంది.

"ఇయ్యాల అయిందే భారతీ" అంది నాతో. "నా ఓదెలు లగ్గం ఇయ్యాల మంచిగయింది."

అట్లకాడను తుడిచి స్తంభానికి పెట్టాం. నిమ్మకాయ తీసేయనా అని సంపత్ అడిగాడు. వద్దన్నాను. ఇవాళ జమ్మిలోకి వచ్చినవి ఏమీ లేవు.